జరిమానా ఎవరి జేబులోంచి?

ఇంటి అప్పుల వ్యాపారం కుప్పకూలినప్పుడు కంపెనీలు వేల కోట్ల డాలర్లు కట్టాయి. ఆ అప్పులు ఇమ్మని పురమాయించిన పెద్దలు సొంతంగా కట్టింది ఎంత? అమెరికాలో కంట్రీవైడ్‌ నుంచి మన దేశంలో డీహెచ్‌ఎఫ్‌ఎల్‌ దాకా ఆ లెక్క తీసే ప్రయత్నమే ఈ కథనం.

2006 ఏప్రిల్‌లో అమెరికాలోని అతి పెద్ద గృహరుణ సంస్థ అధిపతి తన కింది అధికారులకు ఒక ఈమెయిల్‌ పంపారు. కొనేవాళ్ల చేతి నుంచి పైసా పడకుండా ఇంటి ధర మొత్తాన్నీ అప్పుగా ఇచ్చే పథకం గురించి అందులో రాశారు. ఇన్నేళ్ల వ్యాపారంలో ఇంతకంటే విషపూరితమైన సరుకును తాను చూడలేదన్నది దాని సారాంశం. అదే ఏడాది సెప్టెంబరులో మరో రకం రుణం గురించి ఇంకో ఈమెయిల్‌ వెళ్లింది. ఆ అప్పులు ముందుముందు ఎలా తేలతాయో అంచనా వేసే దారి తమకు లేదని, గుడ్డిగా సాగిపోతున్నామని ఆయనే ఒప్పుకొన్నారు. మదుపరులకు మాత్రం సంస్థ చెప్పిన మాట వేరు. తమ రుణాలు నాణ్యమైనవని, పోటీదారుల కంటే తాము జాగ్రత్తపరులమని చెబుతూనే వచ్చింది.

ఆ అధిపతి పేరు ఏంజెలో మొజీలో. సంస్థ పేరు కంట్రీవైడ్‌ ఫైనాన్షియల్‌. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో మాంసం కొట్టు నడిపిన కుటుంబం నుంచి వచ్చిన మొజీలో, 1969లో డేవిడ్‌ లోబ్‌తో కలిసి దాన్ని స్థాపించారు. కాలిఫోర్నియాలోని కలబాసస్‌ కేంద్రంగా అది దేశమంతా విస్తరించింది. సామాన్యుడికి సొంతిల్లు అన్నదే తన ధ్యేయమని ఆయన చెప్పేవారు. ఆ మాట నమ్మి లక్షల మంది ఆ సంస్థ గుమ్మం తొక్కారు.

2009 జూన్‌లో అమెరికా స్టాక్‌ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ, మొజీలోతోపాటు మరో ఇద్దరు ఉన్నతాధికారుల మీద మోసం కేసు పెట్టింది. రుణాల నాణ్యత దిగజారుతోందని తెలిసీ మదుపరులకు చెప్పలేదన్నది ప్రధాన ఆరోపణ. ఆ రహస్యం తెలిసిన రోజుల్లోనే మొజీలో తన వాటాలు అమ్ముకుని దాదాపు 14 కోట్ల డాలర్లు వెనకేసుకున్నారన్నది మరో ఆరోపణ. 2010 అక్టోబరులో, విచారణ మొదలవడానికి నాలుగు రోజుల ముందు, రాజీ కుదిరింది. జరిమానా 2.25 కోట్ల డాలర్లు, తిరిగి చెల్లించాల్సిన లాభం 4.5 కోట్ల డాలర్లు. మొత్తం 6.75 కోట్లు. ఇకపై ఏ లిస్టెడ్‌ కంపెనీలోనూ డైరెక్టరుగా, అధికారిగా ఉండకూడదన్న నిషేధం. ఆరోపణలను ఆయన ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. ఆ రాజీ షరతే అది.

ఆ 6.75 కోట్లలో 2 కోట్ల డాలర్ల భారం మాత్రం మొజీలో మీద పడలేదు. కంట్రీవైడ్‌ను కొనుక్కున్న బ్యాంక్‌ ఆఫ్‌ అమెరికా, పాత ఒప్పందాల ప్రకారం దాన్ని నెత్తిన వేసుకుంది. అంటే ఆ బ్యాంకు వాటాదారులు భరించారన్న మాట. క్రిమినల్‌ దర్యాప్తు అభియోగాల దాకా రాకుండానే ముగిసింది. 2023 జులైలో 84 ఏళ్ల వయసులో మొజీలో కన్నుమూశారు.

నెలనెలా కట్టినా పెరిగే అప్పు

ఇంతకీ సెప్టెంబరు ఈమెయిల్‌లో ఆ అధిపతినే కలవరపెట్టిన రుణం ఎలాంటిది? దాని పేరు పే ఆప్షన్‌ రుణం. నెలనెలా ఎంత కట్టాలో తీసుకున్నవాళ్లే ఎంచుకోవచ్చు. పూర్తి వాయిదా కట్టొచ్చు, వడ్డీ మాత్రమే కట్టొచ్చు, లేదంటే వడ్డీకి కూడా చాలని కనీస మొత్తం కట్టి ఊరుకోవచ్చు. కట్టని వడ్డీ అసలులో కలుస్తుంది.

ఒక ఉదాహరణ లెక్క వేసి చూద్దాం. 4 లక్షల డాలర్ల అప్పు, 30 ఏళ్ల గడువు, 7 శాతం వడ్డీ అనుకుందాం. నెలకు వడ్డీయే 2,333 డాలర్లు అవుతుంది. కానీ ఆశపెట్టడానికి చూపే 1 శాతం ప్రారంభ వడ్డీ మీద లెక్కగట్టిన కనీస వాయిదా 1,290 డాలర్ల లోపే. మిగిలిన వెయ్యి చిల్లర డాలర్లు ప్రతి నెలా అసలు మీదికి ఎక్కుతాయి. కనీస వాయిదాను ఏటా 7.5 శాతం చొప్పున పెంచినా, ఐదేళ్లు ఒక్క నెల తప్పకుండా కట్టిన కుటుంబం చేతిలో ఉండే అప్పు 4 లక్షలు కాదు, దాదాపు 4 లక్షల 60 వేలు. అక్కడితో వెసులుబాటు అయిపోతుంది. మిగిలిన 25 ఏళ్లలో తీరేలా వాయిదాను కొత్తగా లెక్కగడతారు. 1,720 డాలర్ల దగ్గరున్న వాయిదా ఒక్కసారిగా 3,250కి చేరుతుంది. జీతం మాత్రం అక్కడే ఉంటుంది.

ఇళ్ల ధరలు పెరుగుతున్నంత కాలం ఈ లెక్క ఎవరికీ అడ్డురాలేదు. ఇల్లు అమ్మేసో, మరో అప్పు తెచ్చో గట్టెక్కేవారు. ధరలు పడిపోయిన రోజున అప్పు ఇంటి విలువను మించిపోయింది. ఈ రుణాన్ని రూపొందించినవారికి, అమ్మినవారికి, పై నుంచి లక్ష్యాలు విధించినవారికి ఈ గణితం తెలియనిది కాదు. కాగితం మీద సంతకం పెట్టిన బడిపంతులుకో, డ్రైవరుకో తెలియలేదు.

ఈ పతనంపై దర్యాప్తు చేసిన అమెరికా ఆర్థిక సంక్షోభ విచారణ సంఘం 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. అప్పటికి దాదాపు 40 లక్షల కుటుంబాలు జప్తులో ఇళ్లు పోగొట్టుకున్నాయి. మరో 45 లక్షల కుటుంబాలు జప్తు అంచునో, వాయిదాలు కట్టలేని స్థితిలోనో ఉన్నాయి. 11 లక్షల కోట్ల డాలర్ల కుటుంబ సంపద ఆవిరైంది. ఈ విపత్తు తప్పించగలిగినదేనని, జవాబుదారీతనం, నైతికత వ్యవస్థ అంతటా కుప్పకూలాయని సంఘంలోని మెజారిటీ సభ్యులు తేల్చిచెప్పారు. ఆ సెగ మన దాకా వచ్చింది. 2009లో ఐటీ కంపెనీలు క్యాంపస్‌ ఎంపికల్లో ఇచ్చిన ఉద్యోగాలకు చేరే తేదీలను వాయిదా వేస్తూ పోయాయి. ఆఫర్‌ లెటరు పట్టుకుని నెలల తరబడి ఎదురుచూసిన ఇంజినీర్లు తెలుగునాట ఇంకా మరిచిపోలేదు.

ఫైలు ముందుకే నడవాలి

2007 ఆగస్టు. పరపతి తక్కువున్నవారికి ఎక్కువ వడ్డీకి అప్పులిచ్చే సబ్‌ప్రైమ్‌ మార్కెట్‌ మూతపడుతున్న వేళ కంట్రీవైడ్‌లో ఒక కొత్త పద్ధతి మొదలైంది. ఉద్యోగులు దాన్ని ‘హసిల్‌’ అని పిలిచారు. అంతకుముందు రుణ దరఖాస్తు చేతులు మారే ప్రతి చోటా ఒక తనిఖీ ఉండేది. ఆదాయం నిజమేనా, ఉద్యోగం ఉందా, ఇంటి విలువ సరిగా కట్టారా అని అనుభవమున్న అధికారి చూసి సంతకం చేయాలి. కొత్త పద్ధతిలో ఈ తనిఖీలను ఎత్తేశారని, అనుభవం లేని గుమాస్తాల చేతికి ఫైళ్లు ఇచ్చారని, ఎన్ని రుణాలు ఎంత వేగంగా పూర్తి చేశారన్న దాన్ని బట్టే బోనస్‌ లెక్కగట్టారని ప్రభుత్వం కోర్టులో వాదించింది. ఫైలు ముందుకే కదలాలి తప్ప వెనక్కి రాకూడదన్నది అక్కడి సూత్రం. అలా తయారైన రుణాలను ఫానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్‌ అనే సంస్థలకు అమ్మేశారు. లోపాలను సంస్థ లోపల ఎత్తిచూపిన ఒక ఉన్నతోద్యోగే తర్వాత ఈ కేసుకు మూలమయ్యారు.

2013 అక్టోబరులో న్యూయార్క్‌ జ్యూరీ సంస్థను, ఒక మాజీ అధికారిణిని బాధ్యులుగా తేల్చింది. 2014 జులైలో న్యాయమూర్తి జెడ్‌ రాకాఫ్‌ సంస్థకు 127 కోట్ల డాలర్లు, ఆ అధికారిణికి 10 లక్షల డాలర్లు జరిమానా వేశారు. 2016 మేలో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. నాణ్యమైన రుణాలు ఇస్తామని ఒప్పందం రాసుకుని, ఆ తర్వాత కావాలని దాన్ని ఉల్లంఘించినా అది ఒప్పంద భంగమే తప్ప మోసం కాదని చెప్పింది. ఒప్పందం చేసుకున్న నాడే మోసగించే ఉద్దేశం ఉందని రుజువు కావాలని వివరించింది.

న్యాయశాస్త్రం ప్రకారం ఆ తీర్పుకు దాని తర్కం ఉంది. ఇల్లు పోగొట్టుకున్నవారి వైపు నుంచి చూస్తే మాత్రం చట్టంలోని పెద్ద లోపం బయటపడుతుంది. బ్రోకరు దరఖాస్తు తెస్తాడు. రుణ సంస్థ డబ్బిస్తుంది. ఇంకో సంస్థ ఆ రుణాలను మూటగట్టి బాండ్లుగా మారుస్తుంది. రేటింగ్‌ సంస్థ వాటికి ఉత్తమ శ్రేణి ముద్ర వేస్తుంది. నష్టం వచ్చాక ప్రతివారూ పక్కవారి వైపు చూపిస్తారు. బాధ్యతను అన్ని ముక్కలు చేశాక, ఏ ఒక్కరి మనసులో ఏ ఉద్దేశం ఉందో రుజువు చేయడం ప్రాసిక్యూటర్ల తరం కాలేదు.

ఎవరు కట్టారు?

2014 ఆగస్టులో బ్యాంక్‌ ఆఫ్‌ అమెరికా ప్రభుత్వంతో 1,665 కోట్ల డాలర్లకు రాజీపడింది. ప్రధానంగా కంట్రీవైడ్‌, ఆ బ్యాంకే కొన్న మరో సంస్థ మెరిల్‌ లించ్‌ చేసిన పనులకు అది మూల్యం. అంతకుముందు, 2011 డిసెంబరులో, మరో కేసులో 33.5 కోట్ల డాలర్లు కట్టింది. రెండు లక్షల మందికి పైగా నల్లజాతి, హిస్పానిక్‌ రుణగ్రహీతల నుంచి కంట్రీవైడ్‌ ఎక్కువ వడ్డీ, ఫీజులు గుంజిందని, మంచి రుణానికి అర్హత ఉన్నవారిని కూడా ఖరీదైన సబ్‌ప్రైమ్‌ వైపు నెట్టిందని ఆ కేసు. ఇంత సొమ్మూ వచ్చింది ఆ బ్యాంకు వాటాదారుల ఖాతాలోంచే. వారిలో పింఛను నిధులున్నాయి, చిన్న మదుపరులున్నారు. పాత బోనసులు తీసుకున్నవారి ఇళ్లకు ఎవరూ వెళ్లలేదు.

వాషింగ్టన్‌ మ్యూచువల్‌ది ఇంకో కథ. 30,700 కోట్ల డాలర్ల ఆస్తులున్న ఈ సంస్థ 2008 సెప్టెంబరు 25న మూతపడింది. అమెరికా చరిత్రలో అంత పెద్ద బ్యాంకు మరొకటి కూలలేదు. డిపాజిట్ల బీమా సంస్థ ఎఫ్‌డీఐసీ ముగ్గురు మాజీ అధికారుల మీద 90 కోట్ల డాలర్లకు దావా వేసింది. 2011 డిసెంబరులో సుమారు 6.4 కోట్లకు రాజీ కుదిరింది. అందులో ఆ ముగ్గురూ నేరుగా ఇచ్చిన నగదు 5 లక్షల డాలర్ల లోపే. మిగతాదంతా బీమా పాలసీలు చెల్లించినది, దివాలా కోర్టులో వారు వదులుకున్న బకాయిల రూపంలో లెక్కకు వచ్చినది. ఆ అధికారులు తప్పేమీ ఒప్పుకోలేదు.

మరి చట్టానికి చేతకాదా అంటే, అవుతుంది. ఫ్లోరిడాలోని ఒకాలా పట్టణం కేంద్రంగా నడిచిన టేలర్‌ బీన్‌ అండ్‌ విటేకర్‌ అధిపతి లీ ఫార్కస్‌ ఒకే రుణాన్ని ఇద్దరికి అమ్మాడు. లేని రుణాలను ఉన్నట్టు చూపించాడు. కొలోనియల్‌ బ్యాంకులోని కొందరితో కుమ్మక్కయి ఏళ్ల తరబడి నడిపిన ఆ మోసం విలువ 290 కోట్ల డాలర్లు. ఆ బ్యాంకు 2009 ఆగస్టులో కూలింది. 2011లో జ్యూరీ ఫార్కస్‌ను దోషిగా తేల్చింది, న్యాయస్థానం 30 ఏళ్ల జైలు శిక్ష వేసింది. అంతకు రెండు దశాబ్దాల ముందు, పొదుపులు తీసుకుని ఇంటి అప్పులిచ్చే సేవింగ్స్‌ అండ్‌ లోన్‌ సంస్థల కుంభకోణంలో వెయ్యి మందికి పైగా దోషులుగా తేలారు. 2008 విషయానికి వచ్చేసరికి ఒక మధ్యశ్రేణి సంస్థ అధిపతి జైలుకు వెళ్లాడు, పెద్ద సంస్థల అధిపతుల్లో ఒక్కరూ వెళ్లలేదు. చిన్న చేప వలలో పడిందని సంతోషించడానికి ఏముంది?

మన దగ్గర: లేని శాఖ, ఉన్న అప్పు

ఇది అమెరికా గోలే కదా అని పక్కన పెట్టలేం. దివాన్‌ హౌసింగ్‌ ఫైనాన్స్‌, అంటే డీహెచ్‌ఎఫ్‌ఎల్‌, 1984లో పుట్టింది. తక్కువ, మధ్యతరగతి ఆదాయాలవారికి ఇంటి అప్పులివ్వడం దాని వ్యాపారం. 2019 నవంబరులో రిజర్వు బ్యాంకు దాని బోర్డును రద్దు చేసి దివాలా ప్రక్రియకు పంపింది. మన దేశంలో ఒక ఆర్థిక సంస్థను అలా పంపడం అదే మొదటిసారి.

2021 మార్చిలో సీబీఐ నమోదు చేసిన కేసు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కాగితాల మీద మాత్రమే ఉన్న ‘బాంద్రా శాఖ’లో 2.60 లక్షల నకిలీ గృహరుణ ఖాతాలు సృష్టించారని, వాటి పేరిట రూ.14,046 కోట్ల రుణాలు చూపారని, పేదల కోసం పెట్టిన ప్రధానమంత్రి ఆవాస్‌ యోజన వడ్డీ రాయితీని కూడా ఆ ఖాతాల పేరిట క్లెయిమ్‌ చేశారని అందులో ఆరోపించారు. 2022 జూన్‌లో 17 బ్యాంకుల బృందాన్ని రూ.34,615 కోట్ల మేరకు మోసగించారంటూ మరో కేసు పడింది. ప్రమోటర్లు కపిల్‌, ధీరజ్‌ వాధ్వాన్‌లపై ఉన్నవి ఆరోపణలు. నిజానిజాలు తేల్చాల్సింది న్యాయస్థానమే. 2025 ఆగస్టులో సెబీ వారిద్దరినీ ఐదేళ్లపాటు మార్కెట్‌ నుంచి నిషేధించి, మరికొందరితో కలిపి రూ.120 కోట్ల జరిమానా వేసింది.

కోర్టులు తేల్చేలోపే మూల్యం చెల్లించినవారు వేరే ఉన్నారు. డీహెచ్‌ఎఫ్‌ఎల్‌లో ఫిక్స్‌డ్‌ డిపాజిట్లు చేసినవారిలో చాలామంది రిటైరైన ఉద్యోగులు. పెద్ద మొత్తాలు దాచుకున్నవారి చేతికి తిరిగి వచ్చింది సుమారు 23 శాతం. ఉత్తరప్రదేశ్‌ విద్యుత్‌ ఉద్యోగుల భవిష్యనిధి సొమ్ము రూ.2,200 కోట్లకు పైగా అందులో చిక్కుకుంది. సుమారు రూ.34,250 కోట్లకు పిరమల్‌ సంస్థ డీహెచ్‌ఎఫ్‌ఎల్‌ను దక్కించుకుంది. మోసపూరిత లావాదేవీల నుంచి ముందుముందు వసూలయ్యే సొమ్ముకు ఆ దివాలా పరిష్కార ప్రణాళికలో నామమాత్రంగా ఒక్క రూపాయి విలువ కట్టి, పిరమల్‌కే వదిలేశారు. రుణదాతల సంఘం ఆమోదించిన ఆ ప్రణాళికను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. చట్టం ప్రకారం అది సరే. పింఛను డబ్బు దాచుకున్న పెద్దాయనకు మాత్రం ఆ వసూళ్లలో వాటా లేదు.

దిల్లీ శివార్లలో సబ్‌వెన్షన్‌ పథకాలదీ ఇదే వరస. ఫ్లాటు చేతికొచ్చేదాకా ఈఎంఐ బిల్డరే కడతాడన్న హామీతో కొన్నవారి పేరిట బ్యాంకులు, గృహరుణ సంస్థలు బిల్డరుకు సొమ్ము ఇచ్చేశాయి. బిల్డరు ఆపేశాడు. నోటీసులు కొన్నవారికి వచ్చాయి. ఇల్లు లేదు, అప్పు ఉంది. బిల్డర్లు, బ్యాంకుల మధ్య సంబంధాలు తేల్చాలంటూ 2025లో సుప్రీంకోర్టు ఈ వ్యవహారాన్ని సీబీఐకి అప్పగించింది. నిర్మాణ దశలను బట్టే సొమ్ము విడుదల చేయాలని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. ఆ మాటను పక్కనపెట్టి సొమ్ము విడుదల చేసిన చోట, ఆ సంతకం చేసిన అధికారి పేరు బయటికి రావాలా వద్దా?

పేరు రాసి పెట్టాలి

దారి లేకపోలేదు. బ్రిటన్‌ 2016 మార్చిలో ఒక పద్ధతి తెచ్చింది. బ్యాంకుల్లో ఒక్కో ఉన్నతాధికారి ఏ పనికి బాధ్యుడో ముందే కాగితం మీద రాసి నియంత్రణ సంస్థకు ఇవ్వాలి. ఆ విభాగంలో తప్పు జరిగితే నాకు తెలియదని తప్పించుకోవడం కష్టం. తప్పు జరగకుండా తాను ఏ చర్యలు తీసుకున్నాడన్న ప్రశ్న ఆ అధికారినే వెతుక్కుంటూ వస్తుంది.

రెండోది బోనస్‌ వెనక్కి తీసుకోవడం. ఇంటి అప్పు 20 ఏళ్లకు తేలుతుంది, దాన్ని ఇచ్చినందుకు బోనస్‌ మాత్రం ఆ ఏడాదే చేతికొస్తుంది. అసలు జబ్బు అక్కడుంది. అమెరికా 2010లో డాడ్‌-ఫ్రాంక్‌ చట్టం చేసింది. తప్పుడు లెక్కల మీద తీసుకున్న బోనస్‌ను రాబట్టే నిబంధనకు తుదిరూపం రావడానికి 2022 దాకా పట్టింది. బ్యాంకుల్లో ప్రమాదకర ప్రోత్సాహకాలను అరికట్టే మరో నిబంధన ముసాయిదాలు దాటి ముందుకు కదలనే లేదు. మన రిజర్వు బ్యాంకు ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. ప్రైవేటు బ్యాంకుల పెద్దల జీతంలో సగమైనా పనితీరుతో ముడిపడి ఉండాలని, అందులో ఎక్కువ భాగాన్ని కొన్నేళ్లపాటు ఆపి ఉంచాలని, అవసరమైతే వెనక్కి తీసుకోవాలని 2019లో చెప్పింది. గృహరుణ సంస్థలతో సహా బ్యాంకేతర ఆర్థిక సంస్థలకు (ఎన్‌బీఎఫ్‌సీలకు) 2023 ఏప్రిల్‌ నుంచి ఇలాంటి మార్గదర్శకాలే అమల్లోకి వచ్చాయి. గృహరుణాల వ్యవహారం కాకపోయినా, 2019లో ఐసీఐసీఐ బ్యాంకు తన మాజీ అధిపతి చందా కొచ్చర్‌ నుంచి 2009 ఏప్రిల్‌ తర్వాతి బోనసులను వెనక్కి కోరింది. మనసుంటే మార్గముందని చూపిన ఉదంతమది.

రుణం తీసుకునేవారికి: ఈ హక్కులు మీవే

• 2024 అక్టోబరు నుంచి కొత్త రిటైల్‌ రుణాలకు కీలక వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి. మీకు అర్థమయ్యే భాషలో అడగండి. వడ్డీతోపాటు ఫీజులన్నీ కలిపి ఏడాదికి ఎంత భారమో అందులో ఉంటుంది.

• ఫ్లోటింగ్‌ వడ్డీ పెరిగినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అన్నది మిమ్మల్ని అడగాలి. గడువు పెంచే పేరుతో వడ్డీ అసలులో కలిసి అప్పు పెరిగే పరిస్థితి రానివ్వకూడదని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్పష్టం చేసింది.

• అప్పు తీరిన 30 రోజుల్లో ఆస్తి పత్రాలు తిరిగివ్వాలి. సంస్థ వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చొప్పున పరిహారం చెల్లించాలి.

• స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేయాల్సిన ప్రాజెక్టును నమోదు కాకుండా ప్రకటించడం, అమ్మడం చట్టవిరుద్ధం. ప్రీలాంచ్‌ ఆఫర్‌ అని ఎంత తగ్గించి ఇచ్చినా, తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్‌ రెరా వెబ్‌సైటులో నంబరు చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

• గృహరుణ సంస్థల్లో చేసే డిపాజిట్లకు బ్యాంకు డిపాజిట్లకున్న రూ.5 లక్షల బీమా లేదు.

• సంస్థ స్పందించకపోతే బ్యాంకుల మీద ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు, గృహరుణ సంస్థల మీద నేషనల్‌ హౌసింగ్‌ బ్యాంకుకు ఫిర్యాదు చేయొచ్చు.

ఇక తేలాల్సింది

అప్పు చేసినవాళ్లకు బాధ్యత లేదా అంటే, ఉంది. ఆదాయం ఎక్కువ చూపి అప్పు తెచ్చుకున్నవారు అమెరికాలో ఉన్నారు, మన దగ్గరా ఉంటారు. కానీ ఆ తప్పుకు శిక్ష వెంటనే పడింది. ఇల్లు జప్తయింది, పరపతి పోయింది, సామాను వీధిన పడింది. మూడు వాయిదాలు తప్పిన గుమాస్తా ఇంటి తలుపు మీద నోటీసు అంటించే వ్యవస్థ, లక్షల ఇళ్ల వాయిదాలు తప్పించిన అధిపతి తలుపు తట్టడానికి ఎందుకు వెనకాడుతుంది?

కంపెనీకి వేసే జరిమానా అవసరమే, కానీ అది సరిపోదు. కంపెనీ దాన్ని ఖర్చుల పద్దులో రాసుకుంటుంది, భారం వాటాదారుల మీదికి, ఖాతాదారుల మీదికి జారుతుంది. అందుకే మూడు పనులు జరగాలి. పెద్ద రుణ పథకం ప్రతిదానికీ దాన్ని ఆమోదించిన వ్యక్తి పేరు రికార్డులో ఉండాలి. అప్పులు తేలేదాకా బోనస్‌లో పెద్ద భాగం ఆగి ఉండాలి. వ్యక్తిగత జరిమానాను కంపెనీ గానీ బీమా గానీ కట్టకూడదు. రిజర్వు బ్యాంకు చేతిలో ఇప్పటికే ఉన్న నిబంధనలతో మొదటి రెండింటిని రేపటి నుంచే గట్టిగా అమలు చేయొచ్చు. మూడోదానికి పార్లమెంటు పూనుకోవాలి. లాభం ఎవరి జేబులోకి వెళ్లిందో జరిమానా కూడా అదే జేబులోంచి రావాలి. అలా రానంత కాలం ఇంకో కంట్రీవైడ్‌ను, ఇంకో డీహెచ్‌ఎఫ్‌ఎల్‌ను ఏ చట్టమూ ఆపలేదు.